రేగడి మీద దిగను

ఇంజను బాగుంది. బేతంచెర్ల గరుసు నేల వదిలి పది నిమిషాలైంది, ఈ పది నిమిషాల్లో అది ఒక్కసారి తడబడలేదు, ఒక్క దగ్గు దగ్గలేదు. కానీ నా కోటు లోపలి జేబులో మడిచి పెట్టిన కాగితం ప్రకారం ఇదే ఇంజను పదిహేడు రోజుల కిందట గాలిలో చెడిపోయింది. ఆ కాగితం టైపు కొట్టించింది ప్లీడరు ఆనందం, మద్రాసు క్లబ్బులో నాతో పాటు ఆదివారాలు ఎగిరే మనిషి. అడుగున చక్కగా ఒక గీత గీయించాడు. ఆ గీత మీద రామలింగప్ప అని నా పేరు రాస్తే నా లైసెన్సు నాకు మిగులుతుంది, ఒక మందలింపుతో పోతుంది. రాయకపోతే ఈ రోజే కడపలో విమానాల ఆఫీసరు నా లైసెన్సు తీసుకుంటాడు, ఈ చిన్న రెండు రెక్కల బండి గుడ్డ కప్పుకుని షెడ్డులో పడుంటుంది. అయితే ఎగిరే ముందు ప్రతి పొద్దునా ఇంజను చూసి, బాగుందని సంతకం చేసేవాడు మౌలాలి. నేను చెడిందని రాస్తే మౌలాలి చూడకుండా సంతకం చేశాడని అర్థం, వాడి మెకానిక్కు లైసెన్సు పోతుంది. ఆ మౌలాలే ఇప్పుడు నా ముందు సీట్లో కూర్చున్నాడు, తలకు చుట్టిన తువ్వాలు కొస గాలికి టపటపా కొట్టుకుంటోంది. కడప ఎనభై మైళ్ళు, గంట ప్రయాణం. ఎటూ దిగకుండా ఆలోచించడానికి గంట చాలు. ఒక వ్యాగను నాపబండల బేరం నేను బీడీ కాలేంత సేపట్లో తేల్చినవాణ్ణి.

ఎడమ పక్క ఎండ, కుడి పక్క ఎర్రమల కొండలు, తలలు కోసి అమర్చినట్టు చదునుగా. ముందు బనగానపల్లె మామిడి తోటలు వస్తున్నాయి. అది నవాబు సంస్థానం, అంటే ఇంకో నిమిషంలో నేను తెల్లవాళ్ళ నేల దాటి నవాబు నేల మీదికి పోతాను, ఐదారు నిమిషాల్లో మళ్ళీ తెల్లవాళ్ళ నేల మీదికి వస్తాను. ఈ ఐదారు నిమిషాలు నా లైసెన్సు మీద ఎర్ర సిరాతో రాసిన షరతు చెల్లుతుందా చెల్లదా అని ఒకసారి క్లబ్బులో అడిగితే ఎవరికీ తెలియలేదు. ఆనందం సోడా తాగుతూ, "అయితే మీరు అక్కడే గిరగిరా తిరుగుతూ ఉండండి, పెట్రోలు అయిపోయేదాకా మీరు స్వతంత్రులు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు నవాబు తోటల మీద ఉన్నాను, చెట్ల నీడలు నల్లటి పెసలు ఆరబోసినట్టు ఉన్నాయి, స్వతంత్రం అనేది ఏమైనా తగులుతుందా అని చూశాను. గాలి చల్లగా తగిలింది, అంతే.

ఎర్ర సిరా షరతు ఇది. నేను ఆఫీసు పట్టీలో, అంటే వాళ్ళ జాబితాలో, ఉన్న మైదానాల్లోనే దిగాలి, గాలిలో ఇంజను చెడితే తప్ప. బాగా చూడండి, ఇంజను చెడితే తప్ప. నేల చెడితే అని లేదు. ఆకాశంలో ఉన్నవాడికి చెడేవి రెండే, పైన ఇంజను, కింద నేల. రాసినవాడికి ఇంజను గురించి తెలుసు, నేల గురించి తెలియదు. రేగడి తెలిసినవాడెవడూ ఆ మాట వదిలిపెట్టడు. నంద్యాల నుంచి కుందూ నది వెంట కడప దాకా, ఇదిగో ఇప్పుడు రెక్క కింద మొదలైంది చూడండి, తారు పూసినట్టు నల్లగా, మధ్యలో మోకాలెత్తు జొన్న పచ్చగా, ఇదంతా రేగడే. ఎండాకాలం ఇనుము, వానొస్తే సంగటి. ఎద్దుల బండి ఇరుసు దాకా దిగబడితే విప్పి, చక్రాలు నెత్తిన పెట్టుకుని పోయినవాళ్ళను చూశాను.

పదిహేడు రోజుల కింద నేను పనిమీద పోలేదు. పనిమీదే పోయానని కూడా రాయమన్నాడు ఆనందం, "పోనీ, రోగి కోసం డాక్టరును తేవడానికి పోయానని రాయండి, ఆఫీసరుకు కూడా మనసుంటుంది," అన్నాడు. ఏ రోగీ లేడు. ఉరుకుందమ్మ ఒకసారి పైకి ఎక్కించమని అడిగింది. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో నా భార్య నన్ను అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వేరుశనగ బుడ్డల మూటలు తూచే కాటా దగ్గరికి తీసుకుపోయి, హమాలీల ముందు ఎక్కి నిలబడమన్నాను. నా బండిలో ఎవరెక్కినా తూచే ఎక్కిస్తాను, కలెక్టరైనా అంతే.

"ఏమయ్యా, నన్ను సంతకు తోలుతాండావా? కట్టుకునేటప్పుడు తూచకుండానే కట్టుకుంటివి గదా," అంది.

"అప్పుడు మోసేది నేను, ఇప్పుడు మోసేది గాలి."

"అబ్బో, మోసినాడంట! సొమ్ములు తీసి పెట్టాల్నా?"

"వద్దు, సొమ్ములతోనే తూస్తాండా."

"చూస్తిరా అబ్బీ, మీ సావుకారు నా సొమ్ములు గూడా కాటాకు ఏసినాడు," అని హమాలీలతో అంటే వాళ్ళు తలలు వంచుకుని నవ్వారు. ఐదు మణుగుల రెండు వీశెలు. ఆ బరువుకు సరిపడా పెట్రోలు తగ్గించి పోశాను. లేచాక ముందు సీట్లో తల కూడా కదల్లేదు, భయపడిందేమో అనుకున్నాను. తర్వాత రెండు సీట్లనూ కలిపే మాటల గొట్టంలోంచి వినిపించింది, "ఏమయ్యా, మన ఊరు ఇంతేనా?"

"ఇంతే."

"ఇంతదాంట్లోనా నేను ఇన్నేండ్లు మీ అమ్మకూ మీ అక్కకూ భయపడి చచ్చింది!"

ఆ మాట తర్వాత ఆమె నవ్విన నవ్వు ఇంజను మోతలో కూడా వినిపించింది. ఆ నవ్వుకు నేను ఏ రోగి పేరు పెట్టాలి, ఏ డాక్టరు పేరు పెట్టాలి? సంతోషానికి ఎగిరాను. ఆ మాట తెల్లకాగితం మీద రాయడానికి ఎందుకు ఇంత భయం మనుషులకు? నేను చేసిన ప్రతి పనికీ ఊరు లాభం అడుగుతుంది. ముప్పై నాలుగో ఏట మద్రాసు పోయి, నాకంటే పదేళ్ళు చిన్నవాడైన మాస్టారు చేత తిట్లు తింటూ ఈ విద్య నేర్చుకున్నప్పుడు మా అన్న, "లాభమేమిరా?" అన్నాడు. లేదు. బండలమ్మి సంపాదించినదానికి లాభం ఉంది, దీనికి లేదు, ఉండకూడదు కూడా. నా తరహా లైసెన్సు మీద కూలికి ఎవరినీ ఎక్కించుకోకూడదని చట్టం. ఆ ఒక్క చట్టం మాత్రం నన్ను అడిగి రాసినట్టుంది.

నేను నియమాలంటే గిట్టనివాణ్ణి కాదు, ఆ పేరు నాకు వద్దు. క్లబ్బులో గిట్టనివాళ్ళు ఉన్నారు. ఏడాదికోసారి డాక్టరు ముందు ఒంటికాలి మీద నిలబడటం అవమానమంటాడొకడు, ఎగిరిన ప్రతి నిమిషం లాగుపుస్తకంలో ఎక్కించడం గుమాస్తా పని అంటాడొకడు, ఊళ్ళ మీద ఎంత కిందుగా పోవాలో మనకు ఒకరు చెప్పాలా అంటాడు ఇంకొకడు. వాళ్ళకు ఎదురు చెప్పేవాణ్ణి నేనే. కిందటేడు ఒక జమీందారు బంధువు ముందు సీట్లో మేనల్లుణ్ణి, వెనక డబ్బాలో తుపాకీ తూటాల పెట్టెను పెట్టుకుని లేవబోతుంటే, తూచావా అని అడిగాను. "వర్తకుడి బుద్ధి," అని నవ్వాడు. తాటిచెట్ల మీదుగా తేలలేక చెట్లలోనే కూర్చున్నాడు. మనుషులు బతికారు, బండి పుల్లలైంది. నేను ఒంటికాలి మీద నిలబడతాను, లాగుపుస్తకం రాస్తాను, పెట్రోలు తోలుతో వడగట్టకుండా ఒక్క చుక్క పోయనివ్వను. ఏ కొత్త నేల మీద దిగాలన్నా ముందు దాని మీద బండలు నింపిన ఎద్దులబండిని అటూ ఇటూ నడిపించి చూస్తాను, చక్రం బొటనవేలు గోరు కంటే లోతు దిగితే ఆ నేల నాకు పనికిరాదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఏడాదికోసారి తూకాల ఇన్‌స్పెక్టరు మా అంగడికి వస్తాడు, నా రాళ్ళను తన రాళ్ళతో తూచి చూసి ముద్ర వేస్తాడు. ఆయన అంటే నాకు గౌరవం. బరువును బరువుతో చూశాడు గనక. నేలను బూటు మడమతో చూసినవాడి మీద మాత్రం నాకు గౌరవం రాదు.

కుందూ కనిపిస్తోంది, ఒడ్లు కోసుకుపోయిన బురదరంగు తాడులా, దాని పక్కనే కాలవ తిన్నగా. కోవెలకుంట్ల వెనక్కి పోయింది. ఎడమన నల్లమల నీలంగా కదలకుండా ఉంది. మౌలాలి తల కొంచెం కుడికి వంచాడు. వాడు చూసేది కొండను కాదు, వినేది ఇంజనును. నేల మీద ఉన్నప్పుడు కర్ర ఒక కొస ఇంజనుకు, ఒక కొస చెవికి ఆనించి వింటాడు, గాలిలో వట్టి చెవితో వింటాడు. కర్నూలులో బుడ్డల మిల్లుల ఆయిలింజన్లు బాగుచేసేవాణ్ణి నేనే మద్రాసుకు తీసుకుపోయాను. నలభై ఏళ్ళ వయసులో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుని, పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. ఈ పొద్దున తోలు గుడ్డలోంచి పెట్రోలు పోస్తూ, తల ఎత్తకుండా మొదలుపెట్టాడు.

"సావుకారా, ఆ కాయితం మింద సంతకం చెయ్."

"నోరు మూసుకుని పెట్రోలు పొయ్."

"నేను చెప్పేది ఇను. నాది పోతే నా ఒక్కనిదే పోతాది. నీది పోతే బండే పోతాది. బండి లేకుంటే నా లైసెన్సు నాకేం పనికొస్తాది, గోడకు తగిలించి అగరొత్తులు ముట్టించాల్నా?"

"మూడు తూర్లు రాసి తెచ్చుకుంటివి గదరా."

"నాలుగో తూరి రాస్తా. వాళ్ళడిగే ప్రశ్నలు యాడ తిప్పినా అవే ఉంటాయి, నాకు నోటికొచ్చు."

లెక్క తప్పు కాదు, అదే నా బాధ. ఏ వర్తకుడైనా వాడి లెక్కే వేస్తాడు. పెద్ద నష్టాన్ని చిన్న నష్టంతో కొనడమే వ్యాపారం, నేను ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది అదే. మౌలాలి నా దగ్గరే నేర్చుకుని నాకే అమ్ముతున్నాడు. పైగా తన పేరునే తూచి పెడుతున్నాడు. అంత సులువుగా ఒకడు తన పేరు తీసి తక్కెడలో వేస్తే కొనేవాడు ఏ రాయి పెట్టి తూచాలి?

పొద్దుటూరు కుడివైపున పొగలా కనిపిస్తోంది. గంటలో సగం దాటింది. తప్పించుకున్నాను ఇంతసేపూ. ఉరుకుందమ్మ మీదికి పోయాను, క్లబ్బు మీదికి పోయాను, మే నెల మీదికి పోలేదు. పోవాలి. పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది, ఈ సంవత్సరమే, మే నెల. పశువులు బెదురుతున్నాయని ఎవరో అర్జీ పెడితే మద్రాసు నుంచి ఈ ఆఫీసరే వచ్చాడు. అప్పటిదాకా నేను మా బండల గని పక్కనున్న గరుసు నేల మీద దిగేవాణ్ణి. పొట్టిగా ఉందన్నాడు, కొసన గని గుంత ఉందన్నాడు, రాళ్ళు లేచి బండి ముక్కున తిరిగే పంకాకు తగులుతాయన్నాడు. మూడూ నిజాలే. తర్వాత నాలుగు మైళ్ళ దూరంలో ఒక రెడ్డి గారి బీడు రేగడికి తీసుకుపోయారు. పలకలా చదును, అరమైలు పొడవు. ఆఫీసరు బూటు మడమతో రెండుసార్లు గట్టిగా కొట్టి, సిమెంటు అన్నాడు. సిమెంటే, మే నెలలో. పక్కనే నెర్రెలో నా చేతికర్ర దించి చూస్తే సగం పోయింది. నెర్రె ఎంత లోతో వానకు బురద అంత లోతు, మేకలు కాసే పిల్లను అడిగినా చెబుతుంది. దొరా, వానొస్తే ఇది వేరే నేల, అనే మాట నా నాలుక కొసకు వచ్చింది. అప్పుడు రెడ్డి నా వైపు చూశాడు. ఒక్కసారే. కొత్త మేడ కడుతున్నాడాయన, కింది అంతస్తుకు, పై అంతస్తుకు, వసారాలకు బండలు ఎవరి దగ్గర తీసుకోవాలో ఇంకా తేల్చలేదు. తన బీడు సర్కారు పట్టీలోకి ఎక్కితే ఆయనకు పరువు, బాడుగ. తూచాను. నాలుక మీది మాట ఒక తట్టలో, మేడ ఇంకో తట్టలో. మాట మింగేశాను. గని పక్క నేల పోయి, రెడ్డి బీడు పట్టీకెక్కింది. ఆ మేడలో ఈ రోజు పరిచి ఉన్నవన్నీ నా బండలే, నున్నగా చల్లగా ఉన్నాయని రెడ్డి అందరికీ చూపిస్తాడు. నేను ఆ ఇంట్లోకి చెప్పులు విడిచి పోతాను, కాళ్ళు కాలతాయి.

అంటే ఎర్ర సిరా షరతులో నా సిరా కూడా ఉంది. ఆనందానికి ఈ సంగతి తెలియదు. ఉరుకుందమ్మకు తెలుసు, ఎందుకంటే పదిహేడు రోజుల కిందట ఆమె నా ముందు సీట్లో ఉంది. నలభై నిమిషాలు తిరిగి వెనక్కి వచ్చేసరికి రెడ్డి బీడు దగ్గరొక్క చోటే కుండ బోర్లించినట్టు వాన కురిసి వెళ్ళిపోయింది. బీడు కొత్త రేకులా మెరుస్తోంది.

"దిగుతాండావా?" అంది గొట్టంలో.

"ఈడ దిగను. బండి పొర్లుతాది."

"దొర ఈడే దిగమన్నాడంటివి?"

"దొర ఈ బండిలో లేడు, నువ్వుండావు."

"ఈ నేల ఇట్లయితాదని నీకు తెలీదా?" అంది. తెలుసన్నాను. మరెందుకు చెప్పలేదని అడగలేదు. ఆమె అడగకపోవడం వేరే తూకం. గని పక్క గరుసు మీద దించాను, గుంతకు ఇరవై గజాల ముందు ఆగింది, ఒక్క రాయి పంకాకు తగల్లేదు. ఆ సాయంత్రమే లాగుపుస్తకంలో ఎక్కించాను, పట్టీ మైదానం తడిసింది, గని పక్క దిగాను అని. ఆ పుస్తకం లైసెన్సు తిరగరాయించడానికి మద్రాసు పోయింది, అక్కడ ఎవరో చదివారు. "రాయకపోతే ఎవడికి తెలిసేది మహానుభావా?" అని ఆనందం నెత్తి కొట్టుకున్నాడు. నిజమే. కానీ అబద్ధపు పుస్తకం చూసుకుంటూ రేపు నేను ఏ గాలిని నమ్మాలి?

ఇంకొకటి ఉంది, మౌలాలి లెక్కలోకి రానిది. ఈ కాగితం మీద సంతకం పెడితే నేను మిగులుతాను, ఆర్నెల్లకో ఏడాదికో మౌలాలి కూడా గట్టెక్కుతాడు, కానీ రెడ్డి బీడు పట్టీలో అట్లాగే మిగులుతుంది. మంచి మైదానం, చదును, అరమైలు. వచ్చే వానల్లో మద్రాసు నుంచి ఎవడో కుర్రవాడు నంద్యాల వైపు వస్తాడు, పట్టీ తీసి చూస్తాడు, చట్టానికి తల వంచి చక్కగా దాని మీద దిగుతాడు. చక్రాలు ఆగిపోతాయి, తోక లేస్తుంది. ముందు సీట్లో వాడి భార్య ఉంటే? నా మౌనం ధర ఇప్పటిదాకా ఒకే మేడ. అప్పుడు ఎంత? ఈ బేరంలో సరుకు నాది కాదు. నాది కాని సరుకు నేను ఎప్పుడూ అమ్మలేదు, అదొక్కటే నా వ్యాపారంలో నేను చెప్పుకోగలిగింది.

పెన్న దాటాను. ఇసుక పాయలుగా, మధ్యలో కొత్త నీళ్ళు ఎర్రగా. కడప కొండలు ఎదురుగా లేచాయి, మబ్బులు వాటి నడుముకు చుట్టుకుని ఉన్నాయి. ఇక్కడ రాత్రి వాన పడింది. చెట్ల పచ్చదనం వేరుగా ఉంది, రోడ్డు పక్క గుంతలన్నీ కళ్ళు తెరిచి ఉన్నాయి. థ్రాటిల్ తగ్గించి కిందికి దించాను. పట్టీ మైదానం ఊరికి ఇవతలే, రోడ్డు పక్కన. మధ్యలో తెల్లగుడ్డలు పరిచారు గుర్తుకు. ఎన్ని గుడ్డలు పరిచారురా అనుకున్నాను, పది, పదిహేను. ఇంకొంచెం దిగాక కొన్ని గుడ్డలు నడిచాయి. కొంగలు. కొంగలు ఆరిన నేల మీద ఏం తింటాయి? చుట్టూ తిరిగాను ఒకసారి. మైదానం అంచున గొడుగు పట్టుకుని టోపీ పెట్టుకున్న మనిషి, ఆయనే ఆఫీసరు, పక్కన గుమాస్తా. వాళ్ళ కారు మైదానంలో లేదు. రోడ్డు మీద ఉంది. రెండోసారి తిరిగి చూశాను, మైదానంలోకి తిరిగే చోట చక్రాల జాడ రెండు గజాలు పోయి వెనక్కి వచ్చింది. పోబోయి, దిగబడబోయి, వెనక్కి తీసుకున్నారు. తన కారు దిగనిచోట నా బండి దిగాలట. తన బరువు తెలిసింది ఆయనకు, నా బరువు తెలియలేదు.

రోడ్డుకు అవతల నేల కొంచెం ఎత్తు, ఎర్రగా, గరుసు, మీద పొట్టి గడ్డి, ఒక గొర్రెల దారి పొడుగునా. నీళ్ళు నిలిచే జాగా కాదు. నాలుగు వందల గజాలుంటుంది, నాకు మూడు వందలు చాలు. దాని మీద ఎద్దులబండిని నడిపించి చూడలేదు నేను, అది నా నియమం, ఈ రోజు నా నియమం నేనే తప్పుతున్నాను. కానీ కట్టెల బండి ఒకటి ఆ గొర్రెల దారినే పోతోంది, మోపుల కింద ఎద్దులు కనబడటం లేదు, అయినా వెనక జాడ పలచగా పొడిగా ఉంది. ఎవరిదో బండి నా కోసం నడుస్తోంది. చాలు. దాన్ని దాటిపోనిచ్చి గాలికి ఎదురు తిరిగాను.

అప్పుడు మౌలాలికి అర్థమైంది నేను ఎటు దిగుతున్నానో. వాడి తల రోడ్డు వైపు తిరిగింది, ఆఫీసరు వైపు తిరిగింది. తర్వాత వాడి ఎడమ చెయ్యి మెల్లగా సీటు బయటికి వచ్చింది. ముందు సీటు పక్కన, బయట, ఇంజను స్విచ్చులు రెండు ఉంటాయి. వేళ్ళు వాటి మీద వాలాయి. నొక్కితే ఇంజను ఆగుతుంది. ఆఫీసరు కళ్ళ ముందే ఆగుతుంది. ఆగిన ఇంజనుతో ఎక్కడ దిగినా చట్టమే. పదిహేడు రోజుల కిందటి అబద్ధం కూడా ఒక్క క్షణంలో నిజంలా నిలబడుతుంది, మళ్ళీ చెడింది చూశారా అని. ఎంత తెలివి వాడిది! రెండు వందల అడుగుల ఎత్తులో, తన మూడు పరీక్షలూ వేలి కింద పెట్టుకుని.

"మౌలాలీ, చెయ్యి తియ్."

"సావుకారా, ఒక్క నొక్కు. గాలికే దిగుతావు నువ్వు, నాకు తెల్సు."

"తియ్ అంటాండా."

"నీ కాళ్ళు మొక్కుతా."

"ఆ ఇంజను నీదిరా. దాన్ని నువ్వే గొంతు పిసికితే నేను నిన్నింక ఏ బండీ ముట్టుకోనియ్యను."

వేళ్ళు ఇంకొక క్షణం ఉన్నాయి. ఆ క్షణంలో నేను నేల చూడలేదు, ఆ నాలుగు వేళ్ళే చూశాను, గోళ్ళలో నల్లటి ఆయిలు. చెయ్యి లోపలికి పోయింది. నేల వచ్చేసింది. తోకా చక్రాలూ ఒకేసారి తగిలాయి, గరుసు కరకరమంది, బండి రెండుసార్లు ఎగిరి కుదురుకుంది, గొర్రెల దారి వెంట పరుగెత్తి, రోడ్డు చేరకముందే ఆగింది. ఇంజను తిరుగుతూనే ఉంది, నెమ్మదిగా, కుట్టుమిషను మాదిరి. నేను దాన్ని ఆపలేదు.

మౌలాలి దిగి, కళ్ళు తుడుచుకుంటూ, చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. ఆఫీసరు రోడ్డు దాటి వచ్చాడు, బూట్లకు కారు దగ్గర అంటిన బురద, పంకా గాలికి టోపీ ఎగరకుండా చేత్తో పట్టుకున్నాడు. ఏదో అడిగాడు. గుమాస్తా అరిచాడు, "దొరగారు ఇంజనుకు ఏమైందని అడుగుతున్నారు!"

"ఏమీ కాలేదు. వినమనండి."

"ఆపమంటున్నారు!"

"ముందు వినమనండి."

ఆఫీసరు విన్నాడు. ఇంజనుల మనిషే గదా, ముఖంలో తెలిసిపోయింది, చెడ్డ ఇంజను కాదని. నేను కిందికి దిగి, జేబులోంచి ఆనందం కాగితం తీసి, గీత మీద కాదు, వెనకవైపు తెల్లగా ఉన్నచోట, రెక్క మీద పెట్టి రాశాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో, గాలికి కాగితం కొట్టుకుంటుంటే మోచేత్తో నొక్కి పట్టి. పదిహేడు రోజుల కిందా ఈ రోజూ ఇంజను బాగుంది, మెకానిక్కు మౌలాలి సంతకం సరైనది. రెండుసార్లూ నేల చెడ్డది, రెండుసార్లూ దిగకూడదని నిర్ణయించింది నేను. రెండుసార్లూ నా సొంత సంతోషానికి ఎగిరాను అని రాయబోయి, ఈ రోజు అది నిజం కాదు గనక, మొదటిసారి అని దిద్దాను. చివర ఇంకొక వాక్యం. మే నెలలో రెడ్డి బీడు చూసిన రోజున అది వానకు పనికిరాదని నాకు తెలుసు, నేను చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను, దాన్ని పట్టీలోంచి కొట్టేయండి. కింద రామలింగప్ప అని సంతకం చేశాను, తెలుగులో, పెద్దగా.

ఆఫీసరు రెండుసార్లు చదివాడు. చివరి వాక్యం దగ్గర తల ఎత్తి, రోడ్డు మీదున్న తన కారును చూశాడు, బురద పట్టిన ముందు చక్రాలను. తర్వాత లైసెన్సు అడిగాడు. ఇచ్చాను. పెన్ను మూత తీశాడు, దాని పాళీ మీద ఎర్ర సిరా చారిక.

"సావుకారా," అన్నాడు మౌలాలి నా భుజం పక్కన, ఎప్పుడూ లేనంత మెల్లగా, "ఇంక ఆపు. పెట్రోలు ఊరికే దండగైతాంది."

"కానీరా," అన్నాను. "ఆయప్ప రాసేదంతా రాసేదాకా తిరగనీ."